సాంచాల వాడలో కింది గొంతు

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన సంగీతం టీచర్లు నలుగురు జగిత్యాలలో మా ఇంటికి వచ్చారు. "మేడం, మీరు కట్టిన బృందగానాల్లో మీకు బాగా నచ్చింది ఏది?" అని అడిగారు. ఇలాంటి ప్రశ్నకు జవాబు చెప్పడం తేలిక. ఏదో ఒక పాట పేరు చెప్పి, చాయ్ ఇచ్చి పంపిస్తే సరిపోతుంది. చాయ్ ఇచ్చాను గానీ పాట పేరు చెప్పలేదు. నా సర్వీసు మొత్తంలో నేను అన్నిటికంటే బాగా నడిపించిన రోజు ఏ స్టేజీ మీదా జరగలేదు. కోరుట్లలో ఒక లాడ్జి గదిలో జరిగింది. ఆ రోజు ఒకే ఒక్క మనిషికి ఎదురుగా నిలబడి, గొంతు బయటికి రాకుండా మూడు మాటలు చెప్పాను. ఇన్నేండ్లు ఎవరితోనూ అనలేదు. మొదట ఉద్యోగం పోతుందని భయం, తరువాత సిగ్గు. ఇప్పుడు రిటైరయ్యాను, భయం పోయింది. సిగ్గు ఉంది, ఉన్నా ఆ నలుగురు పిల్లల కోసం రాస్తున్నాను.

మాది మల్యాల వైపు ఒక చిన్న ఊరు. మా నాయనకు గుంటెడు పొలం లేదు. వరికోతలకు, మొక్కజొన్న కంకులు విరవడానికి కూలికి పోయేవాడు. ఆదివారం మాత్రం తెల్ల అంగీ తొడుక్కుని మా ఊరి చర్చిలో కింది గొంతు పాడేవాడు. నాలుగు వరుసల పాట అంటే ఏమిటో ఇక్కడొక ముక్క చెప్పాలి. అందరూ ఒకే పాట పాడతారు గానీ ఒకే స్వరం మీద పాడరు. ఆడవాళ్లు రెండు వరుసలు, మగవాళ్లు రెండు వరుసలు. పై వరుస జనానికి గుర్తుంటుంది, ఇంటికి పోతూ దాన్నే కూనిరాగం తీసుకుంటారు. అట్టడుగు వరుసను ఎవరూ పట్టించుకోరు. అది లేని రోజు మాత్రం పాటలో ఏదో తక్కువైందని అందరికీ తెలిసిపోతుంది. "పప్పుల ఉప్పసొంటిది బిడ్డా నా పాట" అనేవాడు నాయన. నేను మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని, సంగీతం పరీక్షలు పాసై, సిరిసిల్లలో ఆడపిల్లల హైస్కూల్లో చేరేనాటికి నాయన లేడు. ఏ పాట విన్నా కింది వరుస కోసం వెతుక్కునే అలవాటు మాత్రం నాకు మిగిలింది.

సిరిసిల్లలో నాకు దొరికిన కిరాయి గది ఒక కార్ఖానాకు ఆనుకుని ఉండేది. రేకుల షెడ్డు, లోపల పది సాంచాలు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. వాటి మోత ఎట్లాంటిదంటే, మొదటి వారం గదిలో హార్మోనియం వాయించి, ఏమీ వినపడక, రీడ్లు పాడయ్యాయనుకుని రిపేరు మనిషి ఎక్కడుంటాడని ఇంటి ఓనరమ్మను అడిగాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఒక సాయంత్రం ఉన్నట్టుండి కరెంటు పోయింది. పది సాంచాలూ ఒక్కసారే ఆగాయి. ఒక మగ గొంతు మాత్రం ఆగలేదు. మోతలో తనలో తాను పాడుకుంటున్న మనిషి, మోత పోయిన సంగతి కూడా తెలియకుండా పాడుకుంటూనే ఉన్నాడు. హార్మోనియం ఎడమ చివరి రీడ్ల దగ్గర తాపీగా తిరిగే గొంతు. స్టవ్ మీద అన్నం ఉడుకుతోంది. ఆర్పేసి, కాళ్లకు చెప్పులైనా లేకుండా పోయి కార్ఖానా గుమ్మంలో నిలబడ్డాను. నాయన పోయిన నాలుగేండ్లకు మళ్లీ ఆ వరుస విన్నాను. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు కూడా.

ఆ మనిషికి ముప్పై అయిదేండ్లుంటాయి. బుగ్గారం వైపు కల్లుగీసే ఇంట్లో పుట్టాడు. తాటిచెట్లు ఎండిపోయి గీత సాగక, పెండ్లయ్యాక అత్తగారి ఊరికి వచ్చి సాంచాల పని నేర్చుకున్నాడు. భార్య ఇంట్లో కండెలు చుట్టేది, అంటే సాంచాకు పెట్టే నూలును చిన్న పుల్లలకు చుట్టే పని. నేను అతణ్ణి అన్నా అనేదాన్ని, ఆమెను వదినె అని. వయసులో చిన్నదాన్నైనా వాళ్లిద్దరూ నన్ను టీచరమ్మా అనేవారు. నాలుగు గొంతుల పాట నేర్పిస్తాను, మనుషులను పోగు చెయ్యమని అతణ్ణి అడిగాను. వారం తిరగకముందే మగవాళ్లు తొమ్మిది మంది, కండెలు చుట్టే ఆడవాళ్లు ఆరుగురు పోగయ్యారు. వారానికొకసారి కరెంటు బందు ఉండే రోజు, ఆగిన సాంచాల నడుమ నూలు దుమ్ములో కూర్చున్నాం.

ఆ మొదటి రోజే నేను క్లాసు మధ్యలో లేచి వచ్చేశాను. కారణం, తొమ్మిది మంది మగవాళ్లూ రెప్ప వేయకుండా నా నోటి వంకే చూస్తున్నారు. హార్మోనియం వైపు చూడమంటే చూడరు. పుస్తకంలోకి చూడమంటే ఒక్క క్షణం చూసి మళ్లీ నా పెదవుల మీదికే వస్తారు. పెండ్లికాని ఆడపిల్లను, ముక్కు మీద కోపం ఉన్నదాన్ని. "మీకు పాటలెందుకు? ఇంటికి పోయి సిగ్గు శరం నేర్చుకోండి" అని హార్మోనియం పెట్టె దబీమని మూసి వచ్చేశాను. పాపం, వాళ్లు ఆ మాటలను కూడా నా నోటి నుంచే చూసి తెలుసుకున్నారని అప్పుడు నాకు తెలియదు.

వెనకాలే వదినె వచ్చింది. గది గడపలో కూర్చుని, "గట్ల కోపం జేయకు టీచరమ్మా. వాళ్లు నీ మొఖం సూత్తలేరు. నీ మాట సూత్తున్నరు" అంది.

"మాట సూసుడేంది?"

"సాంచాల కాడ ఎవలకేం ఇనవడుతది? పెదవులు సూసే మాట్లాడుకుంటరు. పదేండ్లు నడిపినంక చెవులు గట్లనే అయితయి. మా ఆయనైతే నేను వంటింట్లకెళ్లి పిలిస్తె పలుకడు. కొత్తల నేనూ కొట్లాడిన, నా మీద మనసు లేదని. ఇప్పుడు ఎదురుంగ పోయి నిలవడి మాట్లాడుతున్న. మంచిగనే ఉన్నం."

నేను ఆ సాయంత్రమే తిరిగి పోయి అందరికీ క్షమాపణ చెప్పాను. ఎదురుగా నిలబడి, పెదవులు బాగా కదిపి చెప్పాను. ఒకాయన లేచి, "మా ఇంటామె తిట్లకంటె తక్కువనే ఉన్నయి టీచరమ్మా" అన్నాడు. అక్కడి నుంచి మా పాట మొదలైంది.

స్కూల్లో ఈ సంగతి తెలిసి మా తెలుగు సారు, "చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు అని పిల్లలకు చెబుతూనే ఉన్నాను గానీ, ఊదే మనిషిని ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడు. స్టాఫ్‌రూమ్ అంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. అయితే మా పాటలకు మాటలు రాసిచ్చింది ఆ సారే. ప్రాస కోసం ప్రాణమిచ్చే మనిషి. "నూలు తెగితే ముడి ఏసుకుందం, మాట తెగితే పాటేసుకుందం" అని ఒకటి రాశాడు. మొహం మీద పొగడడం ఇష్టం లేక, ఫరవాలేదు అన్నాను. దాని మీద నాలుగు వరుసలు కట్టడానికి మూడు నెలలు కష్టపడ్డాను.

మీరు పనిలోకి వచ్చారు కాబట్టి ఈ కొద్దిపాటి విద్య సంగతి చెబుతాను. సాంచాలు చెవుల్లో సన్నటి ధ్వనులను ముందు తినేస్తాయి. ఆడవాళ్ల పైస్వరాలు, పిల్లల మాటలు, కండక్టరు విజిలు అన్నకు చేరేవి కావు. లావు ధ్వనులు చేరేవి. అందుకే తన కింది వరుస తనకు వినపడేది, శ్రుతి తప్పేవాడు కాదు. ఎప్పుడు ఎత్తుకోవాలో, ఎప్పుడు ఆపాలో మాత్రం నా నోరు చూసి తెలుసుకోవాలి. ఒక అరచెయ్యి హార్మోనియం పెట్టె మీద ఆనించి, కళ్లు నా పెదవుల మీద పెట్టి పాడేవాడు. నేను చప్పుడు లేకుండా పలికితే చాలు, అందుకునేవాడు. ఇంత నమ్మకంగా నన్ను చూసిన విద్యార్థి అంతకుముందు లేడు, ఆ తరువాతా లేడు.

మా మొదటి ప్రోగ్రాం మాత్రం అభాసైంది. తప్పు పూర్తిగా నాదే. పట్నం బృందాలలాగా కనపడాలని ఆశపడి, అందరికీ ఒకే రంగు బట్టలు కుట్టించి, స్టేజీ మీద జనం వైపు తిప్పి వరుసగా నిలబెట్టాను. నేను పక్కకు, హార్మోనియం దగ్గర కూర్చున్నాను. ఎవరి నోరు ఎవరికీ కనపడదు. మొదటి చరణం దాటేసరికి నాలుగు వరుసలూ నాలుగు ఊళ్లకు పోయాయి. అన్న ఒక్కడే అందరికంటే ముందు పాట ముగించి, చేతులు కట్టుకుని, మిగతావాళ్లు ఎందుకు నోళ్లు కదుపుతున్నారా అని చూస్తూ నిలబడ్డాడు. జనం పడీపడీ నవ్వారు. ఆ తరువాత నుంచి మేం గుండ్రంగా నిలబడి, ఒకరినొకరం చూసుకుంటూ, జనానికి వీపులు పెట్టి పాడాం. చూసినవాళ్లు మొదట మర్యాద తెలియనివాళ్లనుకునేవారు. పాట అయ్యేసరికి ఆ మాట మరిచిపోయేవారు.

అట్లా ఆరేండ్లు గడిచాయి. ఆ ఆరేండ్లు నా జీవితంలో బాగా బతికిన కాలం. అప్పుడు ఆ సంగతి తెలియలేదు. ప్రతి వారం ఎవరో ఒకరు ఆలస్యంగా వచ్చారని అరుస్తూ గడిపేశాను.

తరువాత గుడ్డ అమ్ముడుపోవడం తగ్గింది. సాంచాలు ముందు ఒక పూట నడిచాయి, తరువాత వారంలో మూడు రోజులు. మా బృందంలో నుంచి ఇద్దరు భీవండి పోయారు. ఒకాయన దుబాయి పోయాడు, వెనకాలే అతని తమ్ముడు. ఆడవాళ్లలో ఒకామె పిల్లలను తీసుకుని సూరత్ పోయింది. తరువాత ఒక్కొక్కరుగా మరికొందరు. మనిషి పోయినప్పుడల్లా నేను పాటను మళ్లీ కట్టేదాన్ని, ఉన్న గొంతులకు సరిపోయేటట్టు. నాలుగు వరుసలు మూడయ్యాయి. అన్న ఉన్నాడు కదా, అడుగు గట్టిగా ఉంది కదా అనుకునేదాన్ని. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి మా పక్క కార్ఖానాలో సాంచాలను సమ్మెటలతో విరగ్గొట్టి ఇనుము కింద తూకానికి వేస్తున్నారు. ఆ నెలలోనే పక్క వాడలో ఒక నేతపని మనిషి తన ప్రాణం తానే తీసుకున్నాడు. అతని గురించి ఇక్కడ ఎక్కువ రాయను. వాళ్ల పిల్ల నా క్లాసులో ఉండేది.

ఒక పొద్దున వదినె నా గదికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"టీచరమ్మా, కోరుట్లల ఏజెంటున్నడు. మస్కట్ల మాల్ గోదాముల హెల్పర్ పని. ఈయినకు వీసా ఇత్తనంటున్నడు గని, సిరిసిల్లోళ్లంటె కంపిని సేటు భయపడుతున్నడట. మొన్న పోయినోళ్లల్ల ఒకాయనకు చెవులు ఇనవడయని ఎల్లగొట్టిండ్రట."

"మరి అన్నకూ ఇనవడదు గదా వదినె."

"గది నీకెరుక, నాకెరుక. నువ్వు ఒక కాయితం రాసియ్యి, ఈయిన నా దగ్గర పాట పాడుతడని. పాట పాడేటోడు చెవిటోడని ఎవలనుకుంటరు?"

నేను వెంటనే ఒప్పుకోలేదు. గోదాములో లారీలు తిరుగుతాయి, ప్రమాదం అన్నాను. 

"ఇంట్ల కూసుంటె నాకు భయమైతుంది టీచరమ్మా. పొద్దంత గోడ దిక్కు మొఖం వెట్టి కూసుంటడు. గోడ దిక్కు మొఖం వెడితె ఆయినతోని నేనెట్ల మాట్లాడాలె?" అంది.

కాగితం తీసి రాశాను. ఈ మనిషి ఆరేండ్లుగా నా బృందంలో శ్రుతి తప్పకుండా నాలుగు గొంతుల పాట పాడుతున్నాడని. ప్రతి అక్షరం నిజమే. అబద్ధం ఒక్కటీ లేకుండా అబద్ధం చెప్పడం ఎట్లాగో ఆ రోజు నేర్చుకున్నాను. కాగితం చూసి ఏజెంటు, "గీ కాయితమెందుకు, ఆ టీచరమ్మనే తోల్కరాండ్రి. సేటు ముంగట పాడిపియ్యనీ" అని కబురు పంపాడు.

స్కూలుకు సెలవు పెట్టి, మేం ముగ్గురం బస్సులో కోరుట్ల పోయాం. ఎండాకాలం పొద్దు. లాడ్జి మెట్ల మీద, వరండాలో, కింద పాన్ డబ్బా నీడలో మనుషులే మనుషులు. ఊరూరి నుంచి వచ్చిన మగవాళ్లు. ప్లాస్టిక్ కవర్లలో పాసుపోర్టులు పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడ్డారు. నా పాడు బుద్ధి, ఆ గుంపును చూసి ఎంత పెద్ద మగ వరుస అవుతుందో అని లెక్కగట్టింది. రాష్ట్రంలోనే ఎవరికీ ఉండనంత వరుస.

మా వంతు వచ్చింది. గదిలో ఏజెంటు ఉన్నాడు, బొంబాయి నుంచి వచ్చిన కంపెనీ సేటు ఉన్నాడు, పెద్దాయన, మర్యాదస్తుడే. నేను అన్నకు ఎదురుగా నిలబడ్డాను. హార్మోనియం తెచ్చుకోలేదు. గుమ్మంలో వదినె. నేను పై వరుస ఎత్తుకున్నాను, అన్న నా పెదవులు చూసి కింది వరుస అందుకున్నాడు. ఆ ఇరుకు గదిలో ఆ గొంతు గోడలను నింపింది. వరండాలో నిలబడ్డ మనుషులు గుమ్మం దాకా జరిగారు. పెద్దాయన కళ్లు మూసుకుని విన్నాడు. పాట అయ్యాక, "బహుత్ ఖూబ్" అన్నాడు. పని అయిపోయిందనుకున్నాను.

పెద్దాయన లేచి, మెల్లగా నడిచి అన్న వెనక్కి పోయాడు. చేతిలో ఉన్న పాసుపోర్టులోకి చూస్తూ వెనక నుంచి అడిగాడు.

"నామ్ క్యా హై?"

నేను అన్న ఎదురుగా అట్లాగే నిలబడి ఉన్నాను. పెదవులు కదిపాను. 'పేరు.' అన్న తన పేరు చెప్పాడు.

"గావ్ కౌన్‌సా?"

'ఊరు' అని పలికాను, చప్పుడు లేకుండా. "బుగ్గారం" అన్నాడు అన్న. హిందీలో అడిగితే తెలుగులో చెప్పినందుకు పెద్దాయన నవ్వాడు. నేనూ నవ్వాను. భయం లేదు నాలో. సిగ్గు విడిచి చెబుతున్నాను, గర్వంగా ఉంది. ఆరేండ్ల సాధన అంతా ఆ రెండు మాటల్లో తెలిసింది.

అప్పుడు ఆయన మూడోది అడిగాడు. "పీఛే సే గాడీ ఆయీ, మైనే ఆవాజ్ దీ. సునేగా?"

వెనక నుంచి బండి వస్తుంటే నేను పిలుస్తాను, వింటావా అని.

నా నోరు కదలలేదు. అన్న నా పెదవుల వంకే చూస్తున్నాడు. అవి మూసుకునే ఉన్నాయి. గుమ్మంలో వదినె రెండు చేతులతో చౌకట్టు పట్టుకుంది. నేను నోరు విప్పకపోతే అన్న జవాబు చెప్పడు. చెప్పకపోతే వీసా రాదు. నాతోపాటు సిరిసిల్ల బస్సెక్కి, అక్కడే ఉండిపోతాడు. వచ్చే వారం కార్ఖానాలో, ఉన్న ఐదారుగురి నడుమ, ఆ గొంతు నాకు ఉంటుంది. పిల్లలూ, మీరు నన్ను మంచిదాన్ని అనుకోవద్దు. ఆ క్షణంలో నేను లారీల గురించి తలచుకోలేదు, అతని ప్రాణం గురించి తలచుకోలేదు. నా పాట గురించి తలచుకున్నాను. ఆ గొంతు నాకు కావాలి అనుకున్నాను. ఒక శ్వాస తీసి వదిలేంత సేపు, అంతే.

తరువాత గోడ వైపు మొహం పెట్టి కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు. పెదవులు విప్పాను. 'ఇంటవా?'

"ఇంట" అన్నాడు అన్న.

పెద్దాయన తల ఊపి, పాసుపోర్టు ఏజెంటు చేతికి ఇచ్చాడు. నెల తిరగకముందే అన్న వెళ్లిపోయాడు.

అక్కడికి చేరాక శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేవాడు. మా స్కూలు పక్కనే ఉన్న ఎస్టీడీ బూతుకు. మొదటిసారి వదినె, పిల్లలు తయారై వచ్చారు. నేనూ ఇంటర్వెల్లో పోయాను. ఫోన్ మోగింది, వదినె ఎత్తింది, అటు నుంచి అన్న మాట్లాడాడు. వదినె ఇటు నుంచి అరిచింది. అన్న తన మాట తాను చెబుతూనే ఉన్నాడు. ఫోనులో పెదవులు కనపడవని మా ముగ్గురిలో ఒక్కరికీ ముందుగా తట్టలేదు. ఆరేండ్లు ఆ పెదవులతోనే పాఠం చెప్పిన నాకైనా తట్టాలి కదా. చివరికి, "మీరు మంచిగున్నరనే అనుకుంటున్న. పెడుతున్న మరి" అని పెట్టేశాడు. ప్రతి శుక్రవారం అంతే. పెద్దపిల్ల పరీక్ష పాసైన సంగతి, ఇల్లు కురుస్తున్న సంగతి నేను ఉత్తరంలో రాస్తే, అన్నకు చదువు రాదు కాబట్టి అక్కడ ఎవరో చదివి అతనికి ఎదురుగా నిలబడి చెప్పాలి. చెప్పారో లేదో తెలియదు.

నేను ఊరుకునే రకం కాదు కదా. అతనికి లావు ధ్వనులు వినపడతాయి, కాబట్టి లావుగా పాడదాం అనుకున్నాను. బృందంలో మిగిలినవాళ్లం ఐదుగురం. అతను పాడే వరుసనే తీసుకుని, మా గొంతులు ఎంత కిందికి దిగుతాయో అంత కిందికి దించి నెల రోజులు సాధన చేశాం. ఒక శుక్రవారం ఐదుగురం ఆ అద్దాల డబ్బాలోకి దూరాం. వదినె రిసీవరు మా మధ్య పట్టుకుంది. పాడాం. బయట సైకిల్ మీద పోయేవాళ్లు ఆగి చూశారు. పాట రెండో చరణంలో ఉండగా రిసీవర్లో నుంచి అన్న గొంతు సన్నగా వినపడుతూనే ఉంది. అక్కడ ఎండ గురించి చెబుతున్నాడు. గోదాములో బండి రెండుసార్లు మీదికి వచ్చిందని, అందుకే తనను వంటశాలలో గిన్నెలు కడిగే పనికి మార్చారని, ఇప్పుడు భయం లేదని నవ్వుతూ చెబుతున్నాడు. మేం పాడుతున్నామని అతనికి తెలియనే తెలియదు. "మంచిగున్నరనే అనుకుంటున్న" అని పెట్టేశాడు.

ఆ టెలిఫోను తీగకు కింది స్వరాలను మోసే శక్తి లేదని చాలా యేండ్ల తరువాత ఒక ఇంజనీరు చెబితే తెలిసింది. ఆ రోజు మాత్రం మాకేమీ తెలియక, బూతులోనే నిలబడిపోయాం. వదినె రిసీవరు పెట్టి, నన్నే ఓదార్చింది. "ఆయిన గొంతు మనకు ఇనవడ్డది గదా టీచరమ్మా. గదే సాలు" అంది. నేను ఇంటికి పోయి ఆ నాలుగు వరుసల పుస్తకాన్ని ట్రంకు పెట్టెలో అడుగున పడేశాను.

మరుసటి యేడు నాకు జగిత్యాలకు ట్రాన్స్‌ఫర్ అయింది. ఇక్కడ మంచి స్కూలు, మంచి పిల్లలు. వాళ్లతో చాలా పాటలు పాడించాను, బహుమతులు కూడా వచ్చాయి. మగ గొంతులు లేని పాటలు. చప్పట్లు పడేవి. చప్పట్ల నడుమ నేను ఆ కింది వరుస కోసం చెవి పెట్టి ఉండేదాన్ని. ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ఆగాలో అన్నీ తెలుసు నాకు. ఆ చోటుకు రాగానే నా పెదవులు చప్పుడు లేకుండా కదిలేవి. ఇన్నేండ్ల తరువాత ఇప్పటికీ అంతే.

మూడేండ్లకు అన్న సెలవు మీద వచ్చాడు. బుగ్గారంలో తమ్ముణ్ణి చూసి, తిరిగి సిరిసిల్ల పోతూ నన్ను వెతుక్కుంటూ ఇంటికి వచ్చాడు. జుట్టు నెరిసింది. ఒక సబ్బుల ప్యాకెట్, ఖర్జూరాల డబ్బా నా చేతిలో పెట్టాడు. కుర్చీ జరుపుకుని, నాకు సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు.

"ఎట్లున్నవన్నా?"

"మంచిగున్న టీచరమ్మా. పెద్దపిల్ల కాలేజిల వడ్డది. ఎల్లుండి మళ్ల పోతున్న."

చాలా మాటలు మాట్లాడుకున్నాం. పాట సంగతి ఇద్దరం ఎత్తలేదు. లేవబోతూ అతనే అన్నాడు.

"టీచరమ్మా, కోరుట్లల ఆ దినం మూడో మాటకు మీ నోరు మూసుకున్నది. యాదికున్నదా?"

తల ఊపాను.

"నేను సూసిన. అప్పుడు అందరు పొమ్మన్నోళ్లే. మా అత్త పొమ్మన్నది, తమ్ముడు పొమ్మన్నడు, మీ వదినె ఏడ్సుకుంటనే పొమ్మన్నది. తప్పు లేదు వాళ్లది. నన్ను పోవద్దన్నది మీ నోరొక్కటే. అక్కడ మనసు కరాబైనప్పుడల్ల అదే యాది జేసుకుంట. ఉండుమన్నోళ్లు ఒకలున్నరని."

నిజం వేరు. ఆ నోరు అతని కోసం మూసుకోలేదు. చెబుదామని నోరు తెరిచాను. అతను ఎప్పటిలాగే, చెయ్యి మోకాలి మీద ఆనించి, నా పెదవుల వంక చూస్తూ ఎదురుచూస్తున్నాడు. 

"చాయ్ తాగుతవా అన్నా?" అన్నాను.

"తాగుత."

చాయ్ తాగాడు. గ్లాసు కింద పెట్టి, దండం పెట్టి, గేటు తీసుకుని బస్టాండు వైపు నడిచాడు. పోయేవాళ్లను వెనక నుంచి పిలవొద్దంటారు మావాళ్లు. ఈ మనిషిని వెనక నుంచి పిలిచి లాభం లేదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా గేటు పట్టుకుని పిలిచాను. 'అన్నా' అని, ముందు మామూలుగా, తరువాత గట్టిగా, చివరికి నా గొంతు ఎంత కిందికి పోతుందో అంత కిందికి దించి. రోడ్డు మీద పోయేవాళ్లు ముగ్గురు ఆగి నా వైపు చూశారు. అతను నడుస్తూనే ఉన్నాడు.